నేలసంపెంగలకు ఆఫీసు వేళలు

వెలగలపర్రులో రైలు పట్టాలు లేవు. ఈ ముక్క ముందే చెప్పి ఉంచడం మంచిది. తరవాత పనికొస్తుంది.

పట్టాలు లేకపోయినా ఊళ్ళో ఒక గేటుమాన్ మాత్రం ఉన్నాడు. పేరు గుత్తుల నూకరాజు. ఎక్కడో కాలవ గట్టు పక్క రైలుగేటు దగ్గర ముప్ఫై రెండేళ్ళు రాత్రి డ్యూటీ చేసి, రిటైరై, భార్య వరాలమ్మ పుట్టింటివారి ఊరు కదా అని వచ్చి ఏడో వార్డులో, సందు మొదట్లోనే ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగం అతన్ని వదిలింది గానీ అతను ఉద్యోగాన్ని వదల్లేదు. మొదటి నాలుగు నెలలూ ఊరంతా పడుకోగానే లేచేవాడు. పెరట్లోని వెదురు గడ పట్టుకెళ్ళి సందుకి అడ్డంగా కట్టి, ఎర్రలాంతరు వేలాడదీసి, పక్కన గొంతుక్కూర్చునేవాడు. పాలబండి వాడొచ్చి, "ఏంటి బాబాయ్ ఇది?" అంటే, "బండొస్తంది, ఆగు" అనేవాడు. ఏ బండి అని అడిగితే నంబరు కూడా చెప్పేవాడు. ఒకసారి పెళ్ళికొడుకు కారు గంటన్నర ఆగింది. లోపల పెళ్ళికొడుకు నిద్రపోయాడు, ముహూర్తం మాత్రం ఆగలేదు.

డాక్టరు మాత్రలిచ్చాడు. వాటిని నూకరాజు డ్యూటీకి వెళ్ళేముందు వేసుకునేవాడు.

చివరికి వరాలమ్మే కనిపెట్టింది. ఆ పాత రైలుగేటు గది వెనక నేలసంపెంగల మడి ఒకటుండేది. పొద్దుగూకాక తెల్లటి వెన్నులు విచ్చుకుని, తెల్లారేదాకా ఒకటే వాసన. ముప్ఫై రెండేళ్ళు ఈయనకి తోడున్నవి ఆ పూలేనని ఆవిడకి తట్టింది. బస్సెక్కి వెళ్ళి, కొత్త గేటుమాన్‌ని బతిమాలి, గోనెసంచెడు దుంపలు తవ్వి తెచ్చింది. తొలకరికి ముందు పెరట్లో గోడవార పాతింది. వానలు వెనకబట్టేసరికి నలభై వెన్నులు లేచాయి. మొదటి పువ్వు విచ్చుకున్న రాత్రి నూకరాజు గడ అందుకోబోయి ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. మడి పక్కన నులకమంచం వాల్చుకుని కూర్చుండిపోయాడు. మూడో కోడి కూసే వేళకి ఒరిగాడు. మరునాడు సాయంత్రం దాకా లేవలేదు. ఆ రోజునుంచీ సందు సందుగానే ఉంది. ఊరి రాకపోకలు నలభై పూలవెన్నుల మీద నడుస్తున్నాయన్న సంగతి ఊరికి తెలియదు, వరాలమ్మకి తెలుసు.

ఇలా ఉండగా పురపాలక సంఘానికి కొత్త కమిషనరు వచ్చాడు. వస్తూనే వెలగలపర్రుని 'పరిమళ పట్టణం' చేస్తానన్నాడు. ప్రతి పెరట్లోనూ వాసనగల మొక్క ఉండాలి. వాసన లేని మొక్కల్ని పీకించి, సంఘం వారు ఆమోదించిన మొక్కని పాతించాలి. వాసన చూడ్డానికి సుగంధ పరిశీలకుడని ఒక పోస్టు పుట్టింది. అందులోకి జనన మరణాల విభాగంలోంచి సోమసుందరం అనే ఆయన్ని బదిలీ చేశారు. పాపం, మంచివాడు. ఇరవై రోజులు ఎక్కడికో పంపి పీల్చడంలో శిక్షణ ఇప్పించారు. అప్పటినుంచీ ఆయన ఊపిరి కూడా డ్యూటీ మీద ఉన్నప్పుడే గట్టిగా తీసుకునేవాడు.

ఆయన దగ్గర ఒక ఫారం ఉండేది. వాసన ఘాటు, మధ్యమం, స్వల్పం, శూన్యం. ఈ నాలుగింట్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. మంచి వాసనా, చెడ్డ వాసనా అన్న గడి ఫారంలో లేదు. అంచేత ఎండుచేపలమ్మే కడలి మహాలక్ష్మి వాకిలికి 'ఘాటు' వచ్చింది. వార్డు మొత్తానికి ప్రథమ బహుమతి కూడా ఆవిడకే ఇచ్చారు. క్రోటన్ కుండీలో అగరొత్తి గుచ్చినవాళ్ళకి 'మధ్యమం' వచ్చింది.

నూకరాజు పెరట్లోకి సోమసుందరం వచ్చేసరికి పదకొండున్నర. నూకరాజు లోపల గుర్రు పెడుతున్నాడు. సోమసుందరం మడి ముందు మోకాళ్ళమీద కూర్చుని, కళ్ళు మూసుకుని, మూడు నియమిత శ్వాసలు తీశాడు.

"ఏం రావటం లేదమ్మా."

"ఇప్పుడెందుకొస్తాదండీ? దీపాలెట్టాక రండి. ఇంట్లో కూర్చున్నా వస్తాది."

"దీపాల వేళకి నా డ్యూటీ అయిపోతుందమ్మా. పదిన్నర నుంచి అయిదు. ఆ మధ్యలో వచ్చే వాసనే వాసన."

"మరి ఆ తరవాత వచ్చేదేంటండి?"

సోమసుందరం ఫారం వెనక్కి తిప్పి చూశాడు. "అది అనధికారికం" అన్నాడు, శూన్యానికి టిక్కు పెడుతూ.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. 'మీ పెరటి యందలి సుమారు నలుబది వాసనారహిత మొక్కలను మాసాంతములోగా నిర్మూలించవలెను. లేనియెడల సంఘమే నిర్మూలించును.'

వరాలమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. మూడోసారి పెరట్లో గోడకి ఆనించి ఉన్న వెదురు గడ వైపు చూసింది. నూకరాజుకి చెప్పలేదు. చెప్తే ఆ రాత్రే గడ కడతాడు. కాగితం కొంగున ముడేసుకుని ఆఫీసుకి వెళ్ళింది.

కమిషనరు గారు తెల్లగా, మెత్తగా, ఇస్త్రీ చేసినట్టుండే మనిషి. ఎవర్నీ కసురుకోడు. అదే చిక్కు.

"చూడండమ్మా, సంఘం ప్రజల ముక్కు కోసమే పనిచేస్తోంది. కానీ పరిమళం అనేది పరిశీలనకు అందుబాటులో ఉండాలి. నేను ఈ కుర్చీలో ఉండగా రాని వాసనని ఉన్నట్టుగా పరిగణించే అధికారం నాకు లేదు."

"నేలసంపెంగ రాత్రి పువ్వండి. దాని పుట్టుకే అంత."

"పుట్టుకని మేం తప్పు పట్టడం లేదు. వేళని మార్చుకోమంటున్నాం. మా ఉద్యోగులు కూడా పుట్టుకతో పదిన్నరకి వచ్చేవాళ్ళు కారు. మెమోలిస్తే అలవాటు పడ్డారు."

మార్చుకోవడానికో దరఖాస్తు ఉంది. 'వాసన వేళల సవరణ ఫారం.' అందులో మొక్క వయసు, తండ్రి పేరు, తల్లి పేరు, ప్రస్తుత వేళలు, కోరుకుంటున్న వేళలు నింపాలి. తండ్రి పేరు దగ్గర వరాలమ్మ 'దుంప' అని రాసింది. తల్లి పేరు దగ్గర కాసేపాగి తన పేరు రాసింది. మొక్క వేలిముద్ర ఉండాల్సిన చోట ఒక ఆకు అంటించింది.

"ఆకు ఎడమదా, కుడిదా?" అన్నాడు గుమాస్తా.

"మీరు ఏదనుకుంటే అదేనండి."

ఆ పూటే ఆవిడకి ఇంకో సంగతి తెలిసింది. అయిదు దాటి ఇరవై నిమిషాలైనా ఆఫీసులో ఎవరూ కదల్లేదు. టిఫిను క్యారియర్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "ఏం బాబూ, ఇళ్ళకెళ్ళరా?" అని బిళ్ళబంట్రోతుని అడిగింది.

"వేళ అయితే సరిపోదు పిన్నిగారూ. హాజరు పుస్తకంలో కమిషనరుగారు సాయంత్రం సంతకం పెట్టాలి. పెడితేనే ఆఫీసు మూసినట్టు. కొత్త రూలు. పోయిన నెల ఆయన పుస్తకం జీపులో పెట్టుకుని క్యాంపుకెళ్ళిపోయారు. మేం ఇళ్ళకి పోయి, నిద్రలు పోయి, పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళొచ్చాం గానీ, రికార్డు ప్రకారం మూడు రోజులు ఆఫీసు మూయలేదు. ఆయన ఎక్కడికెళ్తే పుస్తకం అక్కడికే."

వరాలమ్మ "అలాగా నాయనా" అని ఇంటికొచ్చింది.

మొక్కలు వేళలు మార్చుకోలేదు. సోమసుందరం మూడుసార్లు వచ్చి మూడు శూన్యాలు రాసుకెళ్ళాడు. రాత్రిపూట వాసన చూసే ఉద్యోగి ఎవరైనా ఉన్నారా అని సంఘం వెతికింది. నైట్ వాచ్‌మన్ ఒక్కడే దొరికాడు. వాడికి పని అప్పగించారు. వాడు మడి పక్కన రాత్రంతా కూర్చుని, నూకరాజుతో చుట్టలు పంచుకుని, ఇద్దరూ రాత్రి డ్యూటీల్లో తాము చూసిన దెయ్యాలన్నిటినీ లెక్కపెట్టుకుని, పొద్దున్నే తన అలవాటైన పుస్తకంలో తన అలవాటైన వాక్యం రాశాడు. 'రాత్రి ఎట్టి అవాంఛనీయమైనదీ రాలేదు.' దాన్ని బట్టి ఏ వాసనా రాలేదని కమిషనరు గారు నిర్ధారించారు.

"అదేంటి బాబూ, రాత్రంతా పీల్చావు కదా" అంది వరాలమ్మ.

"పీల్చానండి. నా పుస్తకంలో దానికి చోటు లేదండి" అన్నాడు వాచ్‌మన్.

దాంతో వ్యవహారం సంఘం సమావేశానికెక్కింది. కమిషనరు గారు లేచి చాలా న్యాయంగా మాట్లాడారు. "మొక్కకి చివరి అవకాశం ఇవ్వకుండా నిర్మూలించామన్న మాట రాకూడదు. మొక్క రాత్రి కావాలంటోంది. మనం పగలు తప్ప పనిచెయ్యలేం. అంచేత మొక్క పగటికి రాలేకపోతే, రాత్రినే ఆఫీసు వేళల్లోకి తీసుకొద్దాం."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. 'నెలాఖరు శుక్రవారము మధ్యాహ్నము రెండు గంటల నుండి కమిషనరు వారు తెల్లవారినట్లు ప్రకటించునంతవరకు ఏడవ వార్డు పరిధిలో రాత్రిగా పరిగణించబడును. పౌరులెల్లరు సహకరించవలెను.' టముకు వేయించారు.

శుక్రవారం రెండయింది. ఎండ నెత్తిన పేలాలు వేయిస్తోంది. ఏడో వార్డులో రాత్రయింది. రాత్రి అయినట్టు అందరికీ తెలియడానికి వీధిదీపాలన్నీ వెలిగించారు. వార్డు బడిలో మేష్టారు రెండో ఎక్కం మధ్యలో ఆపేసి, పిల్లల్ని బెంచీలమీద పడుకోబెట్టి, తాను కూడా రూలుకి లోబడ్డాడు. కిరాణా కొట్లు సగం షట్టర్లు దించి, మునిసిపాలిటీ వాళ్ళు వెళ్ళగానే ఎత్తాయి. నైట్ వాచ్‌మన్ కర్ర చప్పుడు చేసుకుంటూ "పారా హుషార్" అని ఎండలో తిరిగాడు, తువ్వాలు నెత్తినేసుకుని. కుక్కలు మొరగడం లేదని ఒక అధికారి లోపం రాసుకున్నాడు. మహాలక్ష్మి పొరుగావిడ ఇంటికెళ్ళి "ఏం వదినా, ఇంకా పడుకోలేదా" అని పలకరించింది. ఆరేసిన చేపలు ఒక బుట్టెడు పోతే పోలీసులు దాన్ని రాత్రి దొంగతనం కింద రాసుకున్నారు. శిక్ష ఎక్కువట. ఆ సంగతి తెలిసి పిల్లి కనపడకుండా పోయింది.

నూకరాజు మడి మీద నల్ల టార్పాలిన్ పందిరి వేశారు. సోమసుందరం, ఇంకో ఇద్దరు సభ్యులు చేతిలో టార్చిలైట్లతో లోపలికి దూరారు. గంట పీల్చారు. లోపల ఉక్కకి ముగ్గురూ చెమటలు కక్కి, బయటికొచ్చాక ఒకరి వాసన ఒకరికి తప్ప ఇంకేదీ అందలేదు.

"శూన్యం" అన్నాడు సోమసుందరం. ఫారం మడతపెట్టాడు. "క్షమించండమ్మా. కమిషనరుగారు పారలతో బయల్దేరారట. ఆయన వచ్చి సంతకం పెడితే పీకించెయ్యాలి."

"ఎన్నింటికొస్తారండి?"

"మూడున్నరకి. అయిదుకి ఆఫీసు మూసెయ్యాలి కదా. హాజరు పుస్తకం జీపులోనే తెస్తున్నారు."

వరాలమ్మ మడి వైపు చూసింది. నలభై వెన్నులూ మొగ్గలు బిగించుకుని, నోరు విప్పని సాక్షుల్లా నిలబడ్డాయి. ఆవిడ లోపలికెళ్ళి నూకరాజు భుజం తట్టింది.

"ఏవయ్యా, లెగు. రాత్రయింది."

నూకరాజు ఒక కన్ను తెరిచాడు. కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతోంది. "రాత్రేంటే? ఎండ కాస్తంటే."

"నే చెప్పడం కాదు, టముకు వేశారు. సర్కారు రాత్రి. చూడు, వీధిదీపాలు."

అతను లేచి గుమ్మంలోకొచ్చి చూశాడు. వీధిదీపాలు వెలుగుతున్నాయి. వాచ్‌మన్ "పారా హుషార్" అంటున్నాడు. సర్కారు నౌకరీ ముప్ఫై రెండేళ్ళు చేసిన మనిషి. సూర్యుడి మాట వినాలా, సర్కారు మాట వినాలా అన్నది అతనికి ఎప్పుడూ సందేహం కాదు. గాలి ఎగబీల్చాడు. పూల వాసన లేదు.

"లాంతర్లో నూనుందా?" అన్నాడు.

"పొద్దున్నే పోశాను" అంది వరాలమ్మ.

మూడున్నరకి కమిషనరు గారి జీపు సందు మలుపు తిరిగేసరికి అడ్డంగా వెదురు గడ ఉంది. గడకి ఎర్రలాంతరు, మధ్యాహ్నపు ఎండలో వెలుగుతోంది. పక్కన ఖాకీ చొక్కా తొడుక్కుని నూకరాజు. జీపు వెనక సీట్లోంచి పారలు పట్టుకుని నలుగురు కూలీలు తొంగిచూశారు.

"గడ తియ్యి" అన్నాడు డ్రైవరు.

"బండొస్తందండి. సిగ్నలిచ్చేశారు."

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "సార్, ఇక్కడ పట్టాల్లేవండి."

కమిషనరు గారు చెయ్యెత్తి వారించారు. "పట్టాలు ఉన్నాయా లేవా అని తేల్చాల్సింది మనం కాదు. రైల్వే శాఖ మన పరిధిలోది కాదు. వేసిన గేటు తీయించడమంటే ఇంకో శాఖ విధుల్లో జోక్యం చేసుకోవడమే." నూకరాజు వైపు మెత్తగా వంగారు. "ఏమయ్యా, బండి ఎన్నింటికి?"

"టయానికి మూడు నలభైకండి. ఇయ్యాళ లేటు."

"ఎంత లేటు?"

"అది వచ్చాక తెలుస్తాదండి."

కమిషనరు గారు ఆ జవాబుని మెచ్చుకున్నట్టు తలూపారు. అంత పక్కా జవాబు ఆయన తన ఆఫీసులో కూడా ఎప్పుడూ వినలేదు.

వెనక్కి వెళదామంటే వెనకాల కొబ్బరికాయల లారీ, మూడు ఆటోలు, ఒక గేదెల మంద వచ్చి చేరాయి. దిగి నడిచి వెళ్దామని ఒక కూలీ అంటే నూకరాజు, "వేసిన గేటు కిందనుంచి దూరితే కేసండి" అన్నాడు. కమిషనరు గారు కూలీని కోప్పడ్డారు. నాలుగయింది. అయిదయింది. వరాలమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది. కమిషనరు గారు గ్లాసు అందుకుంటూ హాజరు పుస్తకం ఒళ్ళో సర్దుకున్నారు. సంతకం పెట్టడానికి పెన్ను తీశారు.

"బాబుగారూ" అంది వరాలమ్మ, చేతులు కట్టుకుని. "పని పూర్తి కాకుండా సంతకం పెడతారా అండి? రేపు ఎవరైనా అడిగితే, పారలు పట్టుకొచ్చి ఉత్తినే ఆఫీసు మూసేశారంటారండి."

కమిషనరు గారు ఆగారు. ఆలోచించారు. పెన్ను మూత పెట్టేశారు. "మీరు చెప్పింది సబబు. నిర్మూలన నమోదయ్యాకే మూసివేత."

ఆశ్వయుజ మాసం పొద్దు. అయిదున్నర దాటగానే నిజం రాత్రి తన మానాన తను వచ్చేసింది. సోమసుందరం మనుషులు టార్పాలిన్ మడిచేశారు. గోడవతల మడిలో ఒక్కొక్క మొగ్గే విచ్చుకుంది. ఆరింటికి గోడ మీదుగా సందులోకి దిగింది వాసన. ముందు గేదెలు తలలెత్తాయి. తరవాత కూలీలు మాటలు ఆపేశారు. కొబ్బరికాయల లారీ వాడు ఇంజను కట్టేశాడు. జీపులో కమిషనరు గారు కళ్ళు మూసుకున్నారు. ఎప్పుడో, ఏ కుర్చీ ఎక్కకముందో, అమ్మ కొప్పు పక్కన పడుకున్న రాత్రి ఒకటి ఆయనకి గుర్తొచ్చినట్టుంది. ఆ ఇస్త్రీ మొహం ఒకచోట నలిగింది.

"సోమసుందరం గారూ" అన్నారు మెల్లగా. "ఇదేమిటి?"

గోడ అవతలనుంచి సోమసుందరం పలికాడు. "నేలసంపెంగలండి. కానీ అయిదు దాటిందండి. అనధికారికమండి."

అప్పుడు వరాలమ్మ జీపు దగ్గరికి వచ్చి, పుస్తకం మీద వేలు పెట్టకుండా చూపించింది. "సంతకం పడలేదు కదండీ. ఆఫీసు ఇంకా తెరిచే ఉందండి."

కమిషనరు గారు పుస్తకం విప్పి చూశారు. సాయంత్రం గడి ఖాళీగా ఉంది. రూలు ఆయనదే. ఆయన రాసిన రూలుని ఆయన ఎన్నడూ కాదనలేదు, ఆ నిజాయితీ మనిషిలో ఉంది.

"ఆఫీసు వేళల్లోనే వచ్చింది" అన్నారు. "ఏ కేటగిరీ?"

సోమసుందరం మూడు నియమిత శ్వాసలు తీయలేదు. ఒక్కటే, పొడుగ్గా తీశాడు. "ఘాటండి" అన్నాడు. ఆ మాట అంటూంటే కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ధ్రువపత్రం మీద సంతకం, హాజరు పుస్తకంలో సంతకం, తెల్లవారినట్లు ప్రకటన మీద సంతకం, మూడూ జీపు బానెట్ మీదే జరిగాయి. ఏడో వార్డులో రాత్రి ఆరుంబావుకి తెల్లవారింది. బడిలో మేష్టారు లేచి పిల్లల్ని ఇళ్ళకి పంపాడు.

నూకరాజు ఇవేవీ వినలేదు. గాలి ఎగబీల్చి, నింపాదిగా లేచి, లాంతరు ఆర్పి, గడ విప్పాడు.

"ఏమయ్యా, బండి?" అన్నారు కమిషనరు గారు.

"దాటిపోయిందండి."

"ఎప్పుడు?"

"ఇప్పుడేనండి. మీరు కళ్ళు మూసుకున్నారు కదా, అప్పుడు."

ఇప్పుడు ఆ ఇంటి గోడకి ఒక రేకు కొట్టి ఉంది. 'ఈ పూలు ఆఫీసు వేళలయందు వాసన వేయునని ధ్రువీకరించడమైనది.' పక్క ఊళ్ళ సంఘాలవాళ్ళు చూసి నేర్చుకుందామని బస్సుల్లో వస్తుంటారు. పదకొండున్నరకి మడి ముందు వరసగా వంగి పీలుస్తారు. ఏమీ రాదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పుడు వాళ్ళలో పెద్దాయన తలెత్తి రేకు చదువుతాడు. చదివి, "అబ్బ, ఎంత ఘాటుగా ఉంది" అంటాడు. మిగతావాళ్ళంతా అవునంటారు.

"కాస్త నెమ్మదిగా పీల్చండి బాబూ" అంటుంది వరాలమ్మ. "లోపల ఆయన పడుకున్నారు."